సుద్ద గీత అవతల

గాలం రీలు బాగుచేయించుకోడానికి వచ్చే మగవాళ్లందరిదీ ఒకటే జబ్బు. బ్రేకులు తీసెయ్యమంటారు. "ఎంత వదులు చెయ్యమంటారు?" అని రీళ్లక్క అడిగేది, అడగడం మర్యాద కాబట్టి. "పూర్తిగా" అనేవాళ్లు. ఎవరి బొటనవేలి మీద వాళ్లకి అంత నమ్మకం. ఆమె తల ఊపి, "అలాగే" అని, రీలుని వెనక గదిలోకి తీసుకుపోయి, తనకి తోచినంత బ్రేకు పెట్టి తెచ్చి చేతికిచ్చేది. వాళ్లు సంతోషంగా పట్టుకుపోయేవాళ్లు.

ఆ రకం రీలుని ఎప్పుడూ పట్టుకోనివాళ్లకి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. కర్ర విసరగానే చివరన కట్టిన సీసం గుండు దారాన్ని లాక్కుంటూ పోతుంది, దారం చుట్టిన చక్రం గిర్రున తిరుగుతుంది. కొంతదూరం పోయాక గాలిలో గుండు జోరు తగ్గుతుంది. చక్రానికి ఆ సంగతి తెలియదు. అది తన పాటికి తాను తిరుగుతూ, ఎవరికీ అక్కర్లేని దారాన్ని కక్కుతూనే ఉంటుంది. ఆ దారమంతా రీలులోనే చిక్కుపడి ఉబ్బిపోతుంది. దీన్నే ఊళ్లో గాలం విసిరే క్లబ్బువాళ్లు "గూడు కట్టింది" అంటారు. చిన్న విసురైతే సాయంత్రమంతా కూర్చుని చిక్కు తీసుకోవడమే శిక్ష. గుండు బరువైనదై, విసురు పెద్దదైతే మాత్రం దారం ఠప్పున తెగుతుంది. తెగిన గుండు ఎటు పోతుందో విసిరినవాడు కూడా చెప్పలేడు.

గూడు కట్టకుండా ఆపేవి రెండే. ఒకటి విసిరేవాడి బొటనవేలు. దాన్ని చక్రం మీద ఆనీ ఆననట్టు ఆనించి, ఎప్పుడు ఎంత నొక్కాలో అప్పుడు అంతే నొక్కాలి. రెండోది రీలు లోపలి బ్రేకు. బ్రేకు బిగిస్తే గుండు దగ్గరగా పడుతుంది, వదిలితే దూరంగా పోతుంది. కాబట్టి దూరం కావాలంటే బ్రేకు వదిలి, వేలికి పని నేర్పాలి. వేలికి నేర్పడానికి ఏళ్లు పడతాయి. బ్రేకు తీయించుకోడానికి రీళ్లక్క దగ్గరికి ఒక్కసారి వస్తే సరిపోతుంది.

ఆమె పెట్టే బ్రేకు ఎవరికీ కనపడేది కాదు. రీలు పక్కన అంకెలు వేసిన గుండ్రటి బిళ్ల ఒకటుంటుంది. దాన్ని సున్నా మీద పెట్టి ఇస్తే బ్రేకు మొత్తం పోయిందని అందరి లెక్క. కానీ పక్క మూత విప్పి, బేరింగుని పట్టి ఉంచే పల్చటి రేకు వెనక మిరియపు గింజంత అయస్కాంతం అంటిస్తే చక్రం ఎంత విసిరినా హద్దు దాటి తిరగదు. అది రీళ్లక్క సొంత ఉపాయం. ఆ రేకు వెనకదాకా ఎవరూ పోరని ఆమెకి ధీమా. మూత విప్పితే స్ప్రింగులు ఎగిరి మంచాల కిందకి పోతాయి, మళ్లీ బిగించాక ఒక ముక్క మిగిలిపోతుంది. క్లబ్బులో ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మిగిలిన ముక్కని గుప్పెట్లో పెట్టుకుని, తప్పు చేసినవాడిలా తలవంచుకుని ఆమె బల్ల ముందు నిలబడ్డవాడే. రెండోసారి విప్పే సాహసం ఎవరూ చెయ్యలేదు.

మోసం కాదా అంటే మోసమే. ఒకప్పుడు ఆమె కూడా అడిగినవాళ్లకి అడిగినట్టే చేసి ఇచ్చేది. అప్పట్లో క్లబ్బుకి పెద్దగా ఉన్నాయన తనకీ, పక్కవాడికీ బ్రేకులు తీయించాడు. మర్నాడే ఆ పక్కవాడి గుండు తెగి వచ్చి ఆయన భుజమ్మీద తగిలితే, చెయ్యి మళ్లీ తలదాకా లేవలేదు. తల దువ్వుకోడానికి కూడా ఆయన భార్యే రావాల్సి వచ్చేది. ఆయన రీళ్లక్కని ఒక్క మాటా అనలేదు. అననందుకే ఆమెకి చాలారోజులు అన్నం సయించలేదు. ఆ తర్వాతే మిరియపు గింజలు మొదలయ్యాయి. ముందు గదిలో కర్రలూ గాలాలూ అమ్ముకునే మొగుడికి కూడా చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

క్లబ్బులో అందరికన్నా గట్టి బ్రేకు ఆమె సొంత తమ్ముడి రీలులో ఉండేది.

తమ్ముడు సిటీ బస్సు నడుపుతాడు. మంచివాడు, మెత్తనివాడు, చిన్నప్పటినుంచి ఏది పట్టుకున్నా సగంలో వదిలేసే రకం. ఈత నేర్చుకోబోయి చెవిపోటు తెచ్చుకున్నాడు. ఫ్లూటు నేర్చుకోబోతే పక్కింటివాళ్లు ఇల్లు మారారు. అలాంటివాడికి గాలం విసరడం ఒక్కటి అబ్బింది. మూతపడ్డ ఇటుకల ఫ్యాక్టరీ వెనక మైదానంలో ఆదివారం పూట ఈ క్లబ్బు చేరుతుంది. నీళ్లూ లేవు, చేపలూ లేవు, ఎవరి గుండు ఎంత దూరం పోతుందన్నదే ఆట. చివర్లో అడ్డంగా ఒక సుద్ద గీత. మిగతావాళ్ల గుళ్లు గీతకి చాలా ఇవతలే, ఎక్కడ పడితే అక్కడ పడేవి. తమ్ముడి గుండు మాత్రం ఎప్పుడు విసిరినా, గాలి ఎటు వీచినా, గీతకి కాస్త ఇవతల ఒకే చోట వచ్చి దిగేది. ఒక్కసారి కూడా గూడు కట్టలేదు.

"బొటనవేలండీ," అనేవాడు తమ్ముడు, వేలు ఎత్తి చూపిస్తూ. "అంతా దీంట్లోనే ఉంది. బస్సు పెడలు మీద కాలెలాగో, చక్రం మీద వేలు అలాగ." కొత్తగా చేరినవాళ్లు ఆ వేలుని దేవుణ్ణి చూసినట్టు చూసేవాళ్లు. రీళ్లక్క ఆ సమయానికి అక్కడుంటే కర్రలు లెక్కపెడుతున్నట్టు అటు తిరిగేది. తమ్ముడి ముఖంలో ఆ వెలుగు ఆమె ఇంకెప్పుడూ చూడలేదు. దాన్ని ఆర్పే మాట తన నోటినుంచి రాకూడదనుకుంది.

ఇంతవరకూ అయితే పోనీలే అనుకోవచ్చు. మరదలి సంగతి అలా కాదు.

మరదలు దర్జీ పని చేస్తుంది. గుండు ఎక్కడ పడిందో చూసి, అక్కడ చిన్న జెండా గుచ్చి, టేపు పట్టి కొలవడం క్లబ్బులో ఆమె వంతు. మిగతావాళ్లు విసిరేటప్పుడు గోడవారగా నిలబడేది. మొగుడి వంతు వస్తే మాత్రం మడత స్టూలు తెచ్చుకుని, విసురుకి సూటిగా ఎదురుగా, సుద్ద గీతకి కొంచెం అవతల కూర్చునేది. ఎండ కళ్లలో పడుతుందని వీపు ఇటు పెట్టి, ఒళ్లో బట్ట పరుచుకుని గుండీలు కుట్టుకునేది. విసిరే ముందు "గుండు" అని కేక వెయ్యడం వాళ్ల రివాజు. ఆ కేక వినగానే తల తిప్పకుండా ఎడం చెయ్యి పైకెత్తేది. తర్వాత వెనకాల దబ్బుమని శబ్దం వినేది, సూది బట్టలో గుచ్చి, లేచి వెళ్లి జెండా పాతేది. క్లబ్బువాళ్లు దీన్ని వింతగా చెప్పుకుని మురిసిపోయేవాళ్లు. మొగుడి వేలి మీద ఎంత నమ్మకం చూడండి అనేవాళ్లు.

రీళ్లక్క మొదటిసారి ఆ వీపుని చూసినప్పుడు కర్రల లెక్క తప్పింది. ఆ పిల్ల నమ్ముకున్న వేలు అబద్ధమని ఆమె ఒక్కదానికే తెలుసు. అప్పుడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. తర్వాత నూనె వెయ్యడానికి రీలు వచ్చినప్పుడు లోపల ఇంకో గింజ కలిపింది. ఆ రోజునుంచి ఆ గింజలే నమ్ముకుని బతికింది.

ఒక మధ్యాహ్నం తమ్ముడు డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే షాపుకొచ్చాడు. రెండు చేతుల్లో రెండు రీళ్లు. ముఖం వెలిగిపోతోంది.

"ఇది నీకే అక్కా," అని పాత రీలుని బల్లమీద పెట్టాడు. "ఎవరికైనా ఇచ్చుకో. నాకు దీంతో పనైపోయింది."

రెండోది కొత్తది. రీళ్లక్క దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. పక్క మూతలు లేవు. అంకెల బిళ్ల లేదు. రెండు కమ్మీల మధ్య చక్రం, అంతే. వేలితో ఒక్క పోటు పొడిస్తే చక్రం తిరగడం మొదలుపెట్టి, ఆమె తమ్ముడితో మాట్లాడుతున్నంతసేపూ ఆగలేదు.

"బ్రేకుల్లేవురా దీనికి," అంది.

"అదేగా మరి. పెద్ద పోటీల్లో ఇదే వాడతారట. వచ్చే ఆదివారం పక్క ఊరి క్లబ్బు వస్తోంది కదా, వాళ్లలో ఇద్దరి దగ్గర ఇవే ఉన్నాయి. నువ్వు చెయ్యడానికి కూడా దీంట్లో ఏమీ లేదక్కా. అంతా వేలే."

"ముందు చిన్న గుండు కట్టి, చిన్నగా విసిరి చూడు. కొన్నాళ్లు అలవాటు చేసుకో."

"ఇన్నేళ్లుగా సున్నా మీదే వేస్తున్నాను. సున్నాకీ దీనికీ తేడా ఏముంది?"

ఆమె నోరు తెరిచింది. తేడా ఎంతుందో చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. తమ్ముడు ఆమె ముఖంలోకి ఆశగా చూస్తున్నాడు, చిన్నప్పుడు పరీక్ష కాగితం తెచ్చి చూపించినప్పుడు చూసినట్టే. అప్పుడు కూడా ఎప్పుడూ మంచి మార్కులు ఉండేవి కావు, అప్పుడు కూడా ఆమె బాగుందిలే అనేది.

"అమ్మాయిని మాత్రం గోడవారకి పొమ్మను," అంది చివరికి.

"దాన్నా? ఎందుకు?"

"కొత్త రీలు కదా."

"అక్కా, అది అక్కడ కూర్చోకపోతే నాకు చెయ్యి ఆడదు. అలవాటైపోయింది." నవ్వాడు. "నీకు భయం ఎక్కువ."

రీళ్లక్క చక్రాన్ని అరచేత్తో ఆపింది. "సరే, వదిలిపెట్టి వెళ్లు. బేరింగులు ఫ్యాక్టరీ గ్రీజుతో ఉన్నాయి. కడిగి నూనె వేసి శనివారం ఇస్తాను."

తమ్ముడు ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె బల్లముందు కూర్చుని రీలుని అన్నివైపులనుంచీ వెతికింది. దాచడానికి మూత లేదు, రేకు లేదు. చివరికి చక్రం అంచుకి దగ్గరగా ఉన్న అడ్డకమ్మీ అడుగున చిన్న గుంట గీకి, నాలుగు గింజలు అంటించి, పైన నల్లరంగు పూసింది. తిప్పి చూస్తే చక్రం పాత రీలులాగే నెమ్మదించి ఆగింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. కానీ ఇంతకుముందు చేసినదంతా మూతల చాటున చేసింది, ఇది మాత్రం బయటే ఉంది.

ఆదివారం తనే షాపు మూసి మైదానానికి వెళ్లింది. మొగుడు ఆశ్చర్యపోయాడు, ఆమె ఎప్పుడూ అంత పొద్దున్నే వెళ్లదు.

ఎదురుగాలి బలంగా ఉంది. పక్క ఊరివాళ్లు టోపీలు పట్టుకుని నిలబడ్డారు. మన క్లబ్బుకి ఇప్పుడు పెద్దగా ఉన్న పోస్టుమాస్టరుగారు తమ్ముణ్ణి వాళ్లకి పరిచయం చేస్తూ గోరంతని కొండంత చేశారు. మరదలు స్టూలు చంకన పెట్టుకుని, కుట్టుసంచీతో మైదానం అడ్డంగా నడిచిపోయి, సుద్ద గీత అవతల కూర్చుంది. ఇక్కణ్ణుంచి చూస్తే పచ్చ చీర, దానిమీద జడ, అంతే కనపడుతున్నాయి.

"గుండు," అని కేక వేశాడు తమ్ముడు.

పచ్చ చీరలోంచి ఎడం చెయ్యి లేచింది. తమ్ముడు నడుము తిప్పి విసిరాడు. గుండు పోయి పోయి గీతకి ఇవతల, ఎప్పుడూ పడే చోటే పడింది. క్లబ్బువాళ్లు అలవాటుగా చప్పట్లు కొట్టారు. రీళ్లక్క కూడా కొట్టింది.

తమ్ముడు మాత్రం నవ్వలేదు. దారం చుట్టుకుని మళ్లీ విసిరాడు. మళ్లీ అక్కడే. పక్క ఊరివాళ్లలో ఒకాయన, "కొత్త రీలుకి కూడా పాత చోటే నచ్చినట్టుందే," అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

తమ్ముడు రీలుని కళ్లముందుకి ఎత్తి, చక్రాన్ని వేలితో పొడిచాడు. అది కాసేపు తిరిగి ఆగింది. మళ్లీ పొడిచాడు. పొద్దుటినుంచి రాత్రిదాకా బ్రేకులతోనే బతికేవాడు, ఏదో పట్టేస్తోందని తెలుసుకోడానికి అతనికి మూడోసారి అక్కర్లేకపోయింది. రీలుని వెల్లకిలా తిప్పి, జేబులోంచి బస్సు తాళంచెవి తీసి అడ్డకమ్మీ అడుగున గీశాడు. నల్లరంగు పెచ్చు రాలింది. గింజలు ఒక్కొక్కటే ఊడి తాళంచెవిని పట్టుకుని వేలాడాయి.

అందరూ దగ్గరికి వచ్చి చూశారు. తర్వాత రీళ్లక్కవైపు తిరిగారు. రీలుకి చెయ్యి పెట్టేది ఊళ్లో ఒక్కరేనని అందరికీ తెలుసు.

"పాతదాంట్లో కూడా ఉన్నాయా?" అన్నాడు తమ్ముడు. గొంతు మామూలుగానే ఉంది.

"ఉన్నాయి."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీరా," అంది రీళ్లక్క. "నీకేమన్నా అవుతుందని..."

పోస్టుమాస్టరుగారు తన రీలుని మెల్లగా కిందకి దించి చూసుకున్నారు. "నా దాంట్లో కూడానా అమ్మా?" అన్నారు, నవ్వాలో మానాలో తెలియని ముఖంతో. ఆమె తల ఊపింది. మిగతావాళ్లు కూడా తమ తమ రీళ్లవైపు చూసుకున్నారు.

తమ్ముడు తాళంచెవిని ప్యాంటుకి తుడిచి, గింజల్ని గడ్డిలో రాల్చాడు. వంగి కొత్త గుండు కట్టుకున్నాడు. ముఖంలో వెలుగు లేదు, కోపం కూడా లేదు. ఆ ముఖం ఆమెకి తెలిసినది కాదు.

"ఒరేయ్, వద్దు. ముందు దాన్ని అక్కణ్ణుంచి లేవమను."

"పక్కకి తప్పుకో అక్కా."

"నా మాట విను. ఇన్నాళ్లూ దానికి ఏమీ కానిది నీ వేలి వల్ల కాదురా, నా బ్రేకు వల్ల..."

"తప్పుకోమన్నాను కదా."

ఆమె అతన్ని వదిలేసి వెనక్కి తిరిగింది. మైదానంలోకి పరిగెత్తింది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి ఊపుతూ, "అమ్మాయ్, లే, అక్కణ్ణుంచి లే," అని అరుస్తూ పరిగెత్తింది. ఎదురుగాలి ఆ అరుపుని తెచ్చి ఆమె నోట్లోనే కుక్కింది. పచ్చ చీర కదలలేదు. వెనకాల మగవాళ్లెవరో ఆమెని వెనక్కి రమ్మంటున్నారు. ఆమె గోడవారనుంచి పరిగెత్తలేదు, దగ్గరదారని తిన్నగా పోయింది. తన నెత్తిన పడితే పడనీ అనుకుంది కూడా.

"గుండు," అన్న కేక వెనకనుంచి వచ్చింది. రీళ్లక్క అరుపుని ఆపిన గాలి ఆ కేకని మాత్రం ఎలా వదిలిందో, బహుశా ఆ ఒక్క మాట కోసమే ఆ చెవులు కాచుకుని ఉంటాయేమో, ఎడం చెయ్యి ఠంచనుగా పైకి లేచింది.

నెత్తిమీద దారం సన్నగా కూసుకుంటూ పోయింది. రీళ్లక్క ఆ కూత వింటూనే ఇంకా పరిగెత్తింది. ఇన్నేళ్ల పనిలో ఆ కూత ఎప్పుడూ కొంచెం కొంచెంగా మెత్తబడుతూ పోవడమే ఆమె ఎరుగును. ఇది మెత్తబడలేదు. పెరిగింది. ఇప్పుడు చక్రం మీద దారం ఉబ్బుతోందని, ఇంకో లిప్తలో తెగుతుందని, తెగితే గుండుకి ఇక ఏ పట్టూ ఉండదని ఆమెకి తెలుసు. తెలిసినా చెయ్యడానికి ఏమీ లేదు. పచ్చ చీర ఇంకా చాలా దూరంలో ఉంది. ఆ పిల్ల దారం కొరకడానికి తల వంచింది.

కూత ఉన్నట్టుండి కీచుమని ఆగింది. వెనకనుంచి ఒక అరుపు వినపడింది, అది తమ్ముడిది. గాలిలో దారం బిర్రుగా సాగి అదిరింది. గుండు ముక్కు పట్టి లాగినట్టు ఒక్కసారి కిందకి కూలి, దబ్బున దిగింది.

రీళ్లక్క చేరుకునేసరికి మరదలు లేచి నిలబడి ఉంది. గుండు సుద్ద గీత దాటి, స్టూలు కాళ్లకి జానెడు దూరంలో మట్టిలో సగం కూరుకుపోయి ఉంది. ఆమె పాదాల మీదా చీర అంచు మీదా మట్టి చిమ్మింది. ఆమె దాన్ని దులుపుకోను కూడా లేదు.

"గీత దాటింది వదినా," అంది, కళ్లు ఇంతలు చేసుకుని. "చూశారా, మొదటిసారి దాటింది." జెండా గుచ్చి, రెండు చేతులూ ఎత్తి అటువైపు ఊపింది.

అవతల మగవాళ్లు చంకలు గుద్దుకుని కేకలు పెట్టారు. పక్క ఊరివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఆ మైదానంలో అంత దూరం అంతకుముందు ఎవరి గుండూ పోలేదు. ఆ కేకల మధ్య తమ్ముడు కుడిచేతిని చంకలో ఇరికించుకుని, మోకాళ్ల మీద కూలబడి ఉన్నాడు. చొక్కా పక్కంతా ఎర్రబడింది. రీళ్లక్క మరదలి భుజం పట్టుకుని అటు తిప్పింది.

ఆస్పత్రిలో నర్సు కట్టు విప్పినప్పుడు రీళ్లక్క ఆ వేలుని చూసింది. గుండు వదిలేశాక తమ్ముడికి అర్థమైంది కాబోలు, అక్క ఏం చెప్పబోయిందో. ఉబ్బుతున్న చక్రం మీద బొటనవేలు వేసి, చర్మం కాలినా, దారం కోసుకుంటూ ఎముకదాకా దిగినా తియ్యలేదు. కుట్లు పడ్డాయి. ఆ వేలు ఇక పూర్తిగా వంగదని డాక్టరు చెప్పాడు. తమ్ముడు అక్కవైపు చూడకుండా గోడమీది బల్బుని చూస్తూ విన్నాడు. మరదలు ఏడ్చి, మధ్యలో కళ్లు తుడుచుకుని, "అయినా ఆపాడు చూశారా వదినా, సరిగ్గా నా ముందు ఆపాడు," అంది.

పోనీ, అందరికీ బుద్ధి వచ్చింది కదా అని రీళ్లక్క మనసుకి సర్దిచెప్పుకుంది. ఆ సర్దుబాటు ఎక్కువ కాలం నిలవలేదు. మర్నాడు షాపు తలుపు తెరిచేసరికి పోస్టుమాస్టరుగారు అరుగుమీద కూర్చుని ఉన్నారు. ఆయన వెనక తాపీమేస్త్రి, ఆయన వెనక బేకరీ నడిపే అన్నదమ్ములు. అందరి చేతుల్లోనూ రీళ్లున్నాయి.

"తిట్టడానికి రాలేదమ్మా," అన్నారు పోస్టుమాస్టరుగారు. "మా మంచికే చేశావు. కాదనను. కానీ అది తీసెయ్యి."

"మీరు చూశారు కదండీ," అంది రీళ్లక్క. "వాడి వేలు చూశారు కదా."

"చూశాం. గీత దాటడం కూడా చూశాం." ఆయన గొంతులో ఎప్పుడూ లేని ఆత్రం వినపడింది. "నేను ఇన్నాళ్లూ నా చెయ్యే ఇంతేననుకున్నాను. వయసైపోయిందనుకున్నాను. నీ గింజ పట్టుకుని ఆపుతోందని నాకేం తెలుసు?"

మేస్త్రి తల గోక్కున్నాడు. "మీరు తియ్యకపోతే మేమే తీసుకుంటాం అక్కా. మాకెలాగూ ఒక ముక్క మిగిలిపోతుంది. ఆ మిగిలినది ఏ ముక్కో మాకు తెలియదు."

వీళ్లు చేత్తో బిగించుకున్న రీలు విసురు మధ్యలో ఊడి వస్తే అది గూడు కట్టడం కన్నా ఘోరం. ఇన్నేళ్లు ఒక్కొక్కటిగా దాచినవాటిని ఆమె ఒక్కొక్కటిగా తియ్యడం మొదలుపెట్టింది. మూత విప్పడం, రేకు లేపడం, గింజ పీకడం, బిగించి ఇవ్వడం. ప్రతివాడూ రీలు చేతికి రాగానే చక్రాన్ని పొడిచి, అది ఆగకుండా తిరగడం చూసి పళ్లికిలించాడు. ఎవరికీ భయం లేదు. భయపడాల్సినంత ఎప్పుడూ ఏమీ జరగలేదు వాళ్లకి. జరగకుండా చూసింది ఆమే.

అందరూ వెళ్లాక తమ్ముడు వచ్చాడు. పక్కన మరదలు. కుడిచేతికి మోచేతిదాకా తెల్లటి కట్టు, ఎడం చేతిలో కొత్త రీలు.

"దీన్ని ఎడంచేతికి మార్చివ్వు అక్కా," అన్నాడు. ఆ మైదానం తర్వాత ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదే. "హ్యాండిలు అటు పెట్టు. ఎడం వేలితో నేర్చుకుంటాను."

"ఒరేయ్, నీకు పిచ్చా?"

"నువ్వు మారుస్తావా, ఇంకెవరిదగ్గరికన్నా పోనా?" కోపంగా అనలేదు. కళ్లు దించుకుని, బతిమాలుతున్నట్టే అన్నాడు. "ఆ ఒక్కటే అక్కా, నేను నిజంగా విసిరింది. మిగతావన్నీ నువ్వు విసిరినవే."

ఆమెకి ఏడుపొచ్చింది. వాడిని ఒళ్లోకి లాక్కోవాలో, చెంప పగలగొట్టాలో తెలియలేదు. రీలుని తీసుకుంది. స్క్రూలు విప్పుతుంటే చూపు మసకబారి రెండుసార్లు జారాయి.

మరదలు బల్లకి ఆనుకుని, సంచీలోంచి కొలత టేపు తీసి వేళ్ల చుట్టూ చుట్టుకుంటూ నిలబడింది. "వదినా, ఇప్పుడు అందరి గుళ్లూ ఇంకా దూరం పోతాయటగా," అంది. "మరి నేను ఎంత అవతలకి జరిగి కూర్చోవాలి?"

రీళ్లక్క చేతిలో పని ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఆ లెక్క ఆమె దగ్గర ఉండేది. ఏ గుండు ఎక్కడిదాకా పోగలదో ఊళ్లో ఆమెకొక్కదానికే తెలుసు. ఇప్పుడు ఎవరికీ తెలియదు.

"నువ్వు రావద్దు," అంది. "అసలు ఆ మైదానంలోకే రావద్దమ్మా. నీ కాళ్లు పట్టుకుంటాను."

మరదలు నవ్వింది. చిన్నపిల్లలు ఉత్తుత్తినే భయపడితే నవ్వినట్టు, ఆప్యాయంగా నవ్వి, చెయ్యి చాపి ఆడపడుచు మోచేతిమీద వేసింది.

"ఏంటి వదినా మీరు," అంది. "ఇన్నేళ్లలో ఒక్కసారన్నా నా మీద పడిందా?"